ఒక్కరిని పిలిస్తే పన్నెండుమంది

దోహాలో ప్రభుత్వ ప్రాసిక్యూటర్ కార్యాలయంలో నేను చేసిన ఉద్యోగానికి ఇంగ్లీషులో పొడుగాటి పేరుండేది. తెలుగులో చెప్పాలంటే అది పిలిచే పని. ఏ కేసులో ఏ సాక్షి ఏ రోజు ఏ గంటకు రావాలో చూసుకోవడం, కబురు పంపడం, వచ్చినవాళ్ళని కూర్చోబెట్టడం, వాళ్ళ భాష తెలిసిన దుబాసీని సిద్ధంగా ఉంచడం, ఒకరి మాట ఇంకొకరి చెవిన పడకుండా కాపలా కాయడం. లోపల జరిగేదానితో నాకు సంబంధం లేదు. తలుపు దాకానే నా రాజ్యం.

అంతకుముందు పద్దెనిమిదేళ్ళు తెలుగు దినపత్రికల్లో పనిచేశాను. మా ఆవిడకు దోహాలో భారతీయ స్కూల్లో టీచరు ఉద్యోగం రావడంతో ఆమె వెంట వచ్చి ముఐథర్‌లో కాపురం పెట్టాను. నాకు తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు వచ్చు. అరబ్బీ కూరగాయల బజారు వరకూ వచ్చు. పత్రికలో నేర్చుకున్నది ఇంకొకటి ఉంది: చెప్పిన వేళకు పని ముగించడం. ఆ ఆఫీసులో వాళ్ళకు కావలసింది అదే.

అవి చమురు, గ్యాసు పొంగిన రోజులు. నేలలోంచి అవి పైకొస్తుంటే నేలమీంచి మేడలు పైకి పోతుండేవి. కిటికీలోంచి ఎటు చూసినా క్రేన్లే. మా దగ్గరికొచ్చే ప్రతి ఫైల్లోనూ ఏదో ఒక సైటు ఉండేది. ప్రతి సైట్లోనూ మనవాళ్ళు ఉండేవారు.

మనవాళ్ళని పిలవడానికి ఒక పద్ధతి ఉంది. తెల్లవారుజామున ఫోన్ చేస్తే కంపెనీ బస్సులో నిద్రపోతుంటారు. మధ్యాహ్నం చేస్తే ఫోర్‌మన్ పక్కన ఉంటాడు. సాయంత్రం, అన్నం పొయ్యి మీద ఉన్నప్పుడు చేయాలి. పోలీసు, కోర్టు అనే మాటలు మొదటి నిమిషంలో నోటివెంట రాకూడదు. "తిన్నారా? ఏం వండుకున్నారు?" అని మొదలుపెట్టాలి. ఇది నాకు కరీంనగర్ ఎడిషన్‌లో మొదటి ఉద్యోగమిచ్చిన పెద్దాయన నేర్పిన పాఠం. "ఎవరినైనా ముందు ఏం తిన్నావని అడుగు. అబద్ధం చెప్పాలనిపించని ప్రశ్న అదొక్కటే," అనేవాడాయన.

ఒక ఆదివారం నా బల్లమీదికి ఒక సన్నటి ఫైలొచ్చింది. ఒక సైటు స్టోరు నుంచి రాగి కేబుల్ చుట్ట ఒకటి పోయింది. పోయింది శుక్రవారం మధ్యాహ్నం మూడు దాటాక, అసర్ నమాజు వేళ. నలభై ఏడో నంబరు హెల్మెట్ పెట్టుకున్నవాడు దాన్ని బండికెక్కించాడని వాచ్‌మన్ చెప్పాడు. ఆ నంబరు జగిత్యాల దగ్గరి ఒక కుర్రాడిది. మర్నాడే పోలీసులు హెల్మెట్ తీసుకున్నారు, పాస్‌పోర్టు తీసుకున్నారు, మనిషిని మాత్రం పూచీ మీద వదిలారు. శుక్రవారం ఎక్కడున్నావంటే "రూములో పడుకున్నాను" అని చెప్పాడు. స్వాధీనం చేసుకున్న వస్తువుల జాబితాలో రాసి ఉంది: తెల్ల హెల్మెట్ ఒకటి, గులాబీ, పసుపు రంగు మరకలతో. సైటన్నాక పెయింటు పడుతుందిలే అనుకున్నాను. పోలీసులూ అలాగే అనుకున్నట్టున్నారు.

ఫైల్లో ఇంకొక కాగితం ఉంది. కుర్రాడి పెళ్ళి శుభలేఖ. ముహూర్తానికి ఇంకా పదకొండు రోజులుంది. ప్రాసిక్యూటర్ గురువారంలోగా రెండింట్లో ఒకటి తేల్చాలి. కేసు కోర్టుకు పంపితే తీర్పు వచ్చేదాకా కుర్రాడు దేశం దాటడానికి లేదు. మూసేస్తే పాస్‌పోర్టు చేతికొస్తుంది, విమానం ఎక్కుతాడు. రూములో పడుకున్నాడని చెప్పడానికి రూములోని పెద్దమనిషిని ఒక్కణ్ణి పిలవమని నాకు ఉత్తరువు.

సాయంత్రం ఫోన్ చేశాను. నజ్మాలో ఒక పాత ఇంట్లో కంపెనీ అద్దెకు తీసుకున్న పెద్ద గది వాళ్ళది. పెద్దమనిషి గొంతు నెమ్మదిగా ఉంది. పప్పు వండుకున్నామన్నాడు. విషయం చెప్పాను. "మంగళారం పొద్దుగాల తొమ్మిదింటికి. మంచిది సారూ," అన్నాడు.

మంగళవారం తొమ్మిదింటికి మా కారిడార్ నిండిపోయింది. ఇస్త్రీ చొక్కాలు, నూనె రాసి దువ్విన తలలు, బతాకా అని పిలుచుకునే గుర్తింపు కార్డులు అందరి చేతుల్లోనూ. పెళ్ళికొడుకుతో కలిపి పన్నెండుమంది. ముందు నిలబడినాయనకు యాభై దాటి ఉంటాయి.

"పెద్దాయనా, నేను పిలిచింది ఒక్కరిని కదా?"

"అవు సారూ. నన్నే పిలిచిండ్రు. నేను అచ్చిన."

"మరి వీళ్ళంతా?"

"వీళ్ళు నాతోని అచ్చిండ్రు."

"వీళ్ళకి డ్యూటీ లేదా?"

"సగం దినం లీవు పెట్టినం. ఊర్ల పంచాయితికి మనిషి ఒక్కడే పోతడా సారూ? ఒక్కడే పోతె తప్పు చేసినోడే అనుకుంటరు. ఎనుక నలుగురు లేనోని మాట ఎవలింటరు?"

"నలుగురంటే నలుగుర్ని తేవాలి. ఇంతమంది ఎందుకు?"

"మరి ఎవల్ని ఇడిచిపెట్టాలె? ఇడిచిపెట్టినోడు అలుగడా?"

నేను కారిడార్‌లో కుర్చీలు లెక్కపెట్టుకున్నాను. అప్పుడే ప్రాసిక్యూటర్ తన గదిలోంచి తొంగిచూశాడు. ముప్ఫై ఏళ్ళ ఖతరీ యువకుడు, విదేశంలో న్యాయశాస్త్రం చదివొచ్చినవాడు. పత్రికల్లో పనిచేసినందుకు నన్ను ఉస్తాద్ అని పిలిచేవాడు.

"ఉస్తాద్, నేను సాక్షినడిగితే గ్రాండ్ జ్యూరీని పట్టుకొచ్చావా?" అని నవ్వాడు. తను చదువుకున్న దేశంలో కేసు కోర్టుకు పంపాలా వద్దా అన్నది మామూలు జనమే ఒక గదిలో కూర్చుని తేలుస్తారట. లోపల విన్నది బయట చెప్పబోమని ప్రమాణం కూడా చేస్తారట. "ఇక్కడ ఆ జ్యూరీ మొత్తం నేనొక్కణ్ణే. సరే, వచ్చారు కదా, అందర్నీ వింటాను. ఒక్కొక్కరిని పంపు."

కారిడార్ పొడుగునా దూరందూరంగా కుర్చీలు వేయించి, మధ్యలో ఒక గార్డును నిలబెట్టాను. దుబాసీ హైదరాబాద్ పాతబస్తీ ఆయన. అరబ్బీ ఎంత బాగా వచ్చో తెలుగూ అంత బాగా వచ్చు. ఒక్కొక్కరూ వాళ్ళ దేవుడి మీద ప్రమాణం చేసి ఏం చెప్పారో తర్వాత దుబాసీ నోటే విన్నాను. పెద్దమనిషి "అందరం పండుకున్నం" అన్నాడు. రెండోవాడు పేకాడామన్నాడు. మూడోవాడు సముద్రం ఒడ్డుకు షికారు పోయామన్నాడు. నాలుగోవాడు సినిమా చూశామన్నాడు.

"ఏ సినిమా?"

"ఫైటింగ్ సినిమా సార్."

"కథేమిటి?"

"నడుమ కరెంటు పోయింది సార్."

దోహాలో కరెంటు పోవడమనే మాటను దుబాసీ ముఖం కదపకుండా అరబ్బీలోకి మార్చాడట. తర్వాత బయటికొచ్చి నాతో, "భాయ్, ఇరవై ఏళ్ళ సర్వీసులో నా నోటితో ఇంత అబద్ధం చెప్పలేదు," అని నీళ్ళు తాగాడు.

పదకొండోవాడు బయటికొచ్చేసరికి ప్రాసిక్యూటర్ ముఖంలో నవ్వు లేదు. "పదకొండుమంది, ఆరు రకాల శుక్రవారాలు," అన్నాడు. "ఒక్కడి అబద్ధమైతే భయమనుకుంటాను. అందరూ కలిసి దాస్తున్నారంటే దాచాల్సింది ఉంది. నమాజు తర్వాత కోర్టుకు పంపుతూ సంతకం పెడతాను."

ముహూర్తానికి తొమ్మిది రోజులుంది.

కారిడార్ చివర పెళ్ళికొడుకు చేతిలో శుభలేఖ తిప్పుతూ కూర్చున్నాడు. తిప్పీతిప్పీ మూలనున్న పసుపు రాలిపోయింది. సాక్షులతో కేసు గురించి మాట్లాడడం నాకు నిషేధం. టీ ఇవ్వడానికి మాత్రం అడ్డు లేదు. పెద్దమనిషికి కప్పు అందిస్తూ, అలవాటు కొద్దీ, "పొద్దున ఏమైనా తిన్నారా?" అని అడిగాను.

"ఏం తింటం సారూ, గాబరకు ముద్ద దిగుతలేదు. కడుపునిండ తిన్నది ఆ ఒక్కదినమే. మలీద ముద్దలు, నువ్వుల సద్ది, పల్లీల సద్ది, పులిహోర, పెరుగన్నం..."

"ఏ దినం?"

ఆయన నేల చూపులు చూశాడు. "ఆ శుక్రారమే."

నేను కోస్తావాణ్ణి. మా వైపు ఆ పండుగ లేదు. కానీ కరీంనగర్ ఎడిషన్‌లో నాలుగేళ్ళు జిల్లా పేజీ పెట్టాను. మలీద, సద్దులు అన్నీ ఒకే రోజు ఎప్పుడు చేస్తారో నాకు తెలుసు. ఏటా ఆ పేజీలో ఒకటే ఫోటో వేసేవాళ్ళం: పూల బతుకమ్మల చుట్టూ చప్పట్లు కొడుతూ తిరిగే ఆడవాళ్ళు. ఆ ఫోటోలో మగవాడు ఉండడు. ఉంటే తాంబాళం మోసుకొచ్చి పక్కకు తప్పుకుంటాడు. నేను ఆ పన్నెండుమంది ముఖాలూ చూశాను. నాకు నవ్వు ఆగలేదు. దగ్గు వచ్చినట్టు నటించాను.

"పెద్దాయనా, ఇక నాకేం చెప్పకండి. నేను వినకూడదు. చెప్పాల్సింది లోపల ఉన్నాయనకి."

"చెప్తె ఇజ్జత్ పోతది సారూ. మొగోళ్ళం ఆ ఆట ఆడినమని ఊర్ల తెలిస్తె మా ఇంటోళ్ళు బతుకనిస్తరా? దుబాయ్ పోయి గాజులు తొడుక్కున్నరా అంటరు. పిల్ల దిక్కోళ్ళకు తెలిస్తె పెండ్లికొడుకుని చూసి నవ్వుతరు. అందుకే ఎవ్వలికి చెప్పద్దని గౌరమ్మ మీద ఒట్టు పెట్టుకున్నం." ఆయన గొంతు తగ్గించాడు. "ఇంకోటి. ఈ దేశంల పూజ చేసినమని మల్లొక కేసు ఐతదేమో."

"అదీ లోపలే అడగండి."

ఆయన టీ చివరి గుక్క దాకా తాగాడు. లేచి, చొక్కా సర్దుకుని, కారిడార్ అంతా వినపడేలా అరిచాడు.

"అరే పోరగాండ్లు, ఇనుండ్రి! ఆ ఒట్టు తీసి గట్టున పెట్టిన. పాపం తగిలితె నాకే తగులనీ. లోపట ఉన్నదున్నట్టు చెప్పుండ్రి!"

"వద్దు మామా!" అని పెళ్ళికొడుకు లేచాడు.

"నువ్వు నోర్ముయ్యి. లగ్గం నీదా నాదా?"

గార్డు పరుగెత్తుకొచ్చి ఇద్దరినీ కూర్చోబెట్టాడు. నమాజు ముగించుకుని వచ్చిన ప్రాసిక్యూటర్‌తో, పెద్దమనిషి తన వాంగ్మూలం మార్చుకుంటానంటున్నాడని మాత్రం చెప్పాను. ఆయన గడియారం చూసుకుని, పది నిమిషాలిచ్చాడు.

పది నిమిషాలు కాకముందే తలుపు తెరుచుకుంది. "ఉస్తాద్, ఆ హెల్మెట్ తెప్పించు. నువ్వూ లోపలికి రా."

ఆ ఉద్యోగంలో నేను తలుపు దాటిన మొదటిరోజు అది.

పెద్దమనిషి కథ మళ్ళీ చెబుతున్నాడు. ఆ ఏడు సద్దుల బతుకమ్మ శుక్రవారం పడింది. ఒకడికి ఇంటినుంచి ఫోనొచ్చింది. ఆరేళ్ళ కూతురు, "బాపూ, మీ కాడ బతుకమ్మ లేదా?" అని అడిగింది. వాడు ఉందని అబద్ధమాడాడు. ఆ అబద్ధాన్ని నిజం చేద్దామని రూమంతా కూర్చుంది. తంగేడు పూలకు బదులు సైటు చుట్టూ కట్టే పసుపుపచ్చ టేపు ముక్కలు. గునుగు పూలకు బదులు టిష్యూ కాగితాలు, బిర్యానీ రంగులోనూ గులాబీ రంగులోనూ ముంచి. నిలబడడానికి లోపల గట్టిదేదైనా కావాలి. అన్నం పళ్ళెంలో హెల్మెట్ బోర్లించి, దానిమీద పాలపొడి డబ్బా పెట్టి, చుట్టూ పూలు దారంతో కట్టారు.

"ఎవరి హెల్మెట్?" ప్రాసిక్యూటర్ అడిగాడు.

"పెండ్లికొడుకుది సార్. శుభమని. వాడు ఇయ్యనన్నడు. గుంజుకున్నం."

"ఆట ఏ వేళకు మొదలైంది?"

"మూడింటికి. పొద్దుగూకి మగ్రిబ్ అజా అయ్యేదాంక ఆడినం. పాట వానికే అచ్చు. ముగ్గురు అక్కల నడుమ పెరిగిండు. వాడు లేకుంటె ఆటనే లేదు."

"తర్వాత?"

"బాత్రూంల నీళ్ళ డ్రమ్ముల ఓలలాడించినం. మల్ల హెల్మెట్ తీసి ఎండపెట్టినం. మరక పోలే."

స్వాధీనం చేసుకున్న వస్తువుల గది నుంచి హెల్మెట్ వచ్చింది. ప్లాస్టిక్ సంచిలోంచి తీశారు. అంచు చుట్టూ గులాబీ మరకలు, నడినెత్తిన పసుపు, లోపలి పట్టీలో చిక్కుకుని చిన్న దారం ముక్క. దానికి ఇంకా ఒక పసుపు టేపు పువ్వు వేలాడుతోంది.

ప్రాసిక్యూటర్ ఆ పువ్వును వేలితో తిప్పి చూశాడు. పెద్దమనిషిని పక్కన కూర్చోబెట్టి, మిగతా పదిమందిని మళ్ళీ ఒక్కొక్కరిగా పిలిచి ఒకటే ప్రశ్న అడిగాడు: "పూల కింద ఏముంది?" పొద్దున నోరు విప్పడానికి చెమటలు పట్టినవాళ్ళు ఇప్పుడు ప్రశ్న పూర్తికాకుండానే, "పెండ్లికొడుకు హెల్మెట్, దానిమీద పాలడబ్బా," అన్నారు. పదికి పది.

"నేను చదువుకున్న చోటి గ్రాండ్ జ్యూరీ కూడా ఇంత గట్టిగా రహస్యం దాయదు," అన్నాడు ప్రాసిక్యూటర్, అందర్నీ లోపలికి పిలిపించి. "పూజ సంగతి వీళ్ళకి చెప్పు: గదిలో మీకూ మీ పూలకూ మధ్య జరిగింది నా ఫైలు కాదు. కేబులే నా ఫైలు." దుబాసీ ఆ మాట తెలుగులో చెప్పేసరికి గదిలో పన్నెండు నిట్టూర్పులు వినపడ్డాయి.

ఆయన కలానికి మూత పెట్టాడు. "నేను నమ్మాను. కానీ చూడాలని ఉంది," అన్నాడు.

కుర్చీలు గోడకు జరిపాం. టీ ట్రే నేలమీద పెట్టి దానిమీద హెల్మెట్ బోర్లించాం. పన్నెండుమంది చుట్టూ నిలబడ్డారు. ఎవరూ కదలరు. పెళ్ళికొడుకు చెవులు ఎర్రబడ్డాయి. "పాడుర! సిగ్గు లగ్గంల పడుదువుతియ్యి!" అని పెద్దమనిషి గదమాయించాడు. వాడు కళ్ళు మూసుకుని మొదలుపెట్టాడు. అది వాడు ఆ శుక్రవారం అక్కడికక్కడ కట్టిన పాటట.

నజ్మా గల్లిలోన ఉయ్యాలో
నల్లా నీళ్ళు బందు ఉయ్యాలో
ఫోర్‌మన్ సారు బొజ్జ ఉయ్యాలో
మిక్సర్ లెక్కనుండె ఉయ్యాలో

సిమెంటు మోసే చేతులు వంగి, లేచి, చప్పట్లు చరిచాయి. అడుగు తప్పినవాణ్ణి పక్కవాడు మోచేత్తో పొడిచాడు. "ఎడమకు తిరుగురా, నీ చెల్లె నేర్పలేదా?" "మా చెల్లె నీ అసొంటోన్ని చూసి భయపడి ఆడలే!" గుమ్మంలో గుమాస్తాలు చేరారు. గార్డు కాలితో తాళం వేస్తున్నాడు.

"ఏమంటున్నారు?" అని ప్రాసిక్యూటర్ అడిగాడు.

దుబాసీ గొంతు సవరించుకున్నాడు. "ఫోర్‌మన్ గారి ఉదరం కాంక్రీటు కలిపే యంత్రాన్ని పోలి ఉందని సాక్షులు ఏకగ్రీవంగా తెలియజేస్తున్నారు."

ప్రాసిక్యూటర్ తల బల్లకానించి నవ్వాడు. ఆయన అలా నవ్వగా నేను మళ్ళీ చూడలేదు.

బుధవారం వాచ్‌మన్‌ని పిలిచాను. వేరే దేశపు ముసలాయన. ఆ రోజు హెల్మెట్ చూశానుగానీ నంబరు చూడలేదని ఒప్పుకున్నాడు. నంబరు చెప్పు, చెప్పు అని కంపెనీవాళ్ళు పట్టుబడితే నోటికొచ్చింది చెప్పాడు. నలభై ఏడే ఎందుకొచ్చిందంటే, "గేటు దాటేటప్పుడు రోజూ ఆగి నాకు సలాం చెప్పేవాడు అతనొక్కడే. నాకు గుర్తున్న నంబరు అదొక్కటే," అని కళ్ళు తుడుచుకున్నాడు. ఆ సాయంత్రమే కేబుల్ చుట్ట ముఐథర్ అవతల అదే కంపెనీ ఇంకో సైటులో దొరికింది. అక్కడ అవసరమని ఫోర్‌మనే బండి పంపి తెప్పించుకుని, కాగితం రాయడం మరిచిపోయాడట.

గురువారం ఫైలు మూసేశారు. పాస్‌పోర్టు, హెల్మెట్ తీసుకోవడానికి పెళ్ళికొడుకు వచ్చాడు. ఈసారీ వెనక నలుగురున్నారు. వాచ్‌మన్ సంగతి అప్పటికే తెలిసిందనుకుంటాను, "ముసలాయనకు కూడ కార్డు ఇచ్చిన సారూ," అన్నాడు. ప్రాసిక్యూటర్‌కు ఒకటి, దుబాసీకి ఒకటి, నాకొకటి ఇచ్చాడు. ప్రాసిక్యూటర్ అక్షరాలు తెలియని ఆ కార్డును కాసేపు తలకిందులుగా చదివి, తన బల్లమీది అద్దం కింద పెట్టుకున్నాడు.

ముహూర్తం మన దేశంలో పది నలభైకి. దోహాలో అప్పుడు ఎనిమిదీ పది. ఆ పొద్దున నేను ఆ రోజు సాక్షుల జాబితా ముందేసుకుని కూర్చున్నాను. నా ఫోన్ మోగింది. అందరినీ నేను పిలవడమేగానీ ఆ వేళప్పుడు నన్నెవరూ పిలవరు.

"సారూ, తిన్నరా?" పెద్దమనిషి గొంతు. వెనక బస్సు ఇంజిన్ చప్పుడు. ఒక సైటు నుంచి ఇంకో సైటుకు పోతున్నారు. "ఒక్క నిమిషం ఆగుండ్రి. ఇంకో ఫోన్‌ల మంటపం ఉన్నది. స్పీకర్ పెట్టిన."

రెండు ఫోన్ల అవతలి నుంచి బాజాలు వినిపించాయి. నాదస్వరం ఒక్కసారిగా జోరందుకుంది. బస్సులో పదకొండు గొంతులు కేక పెట్టాయి.

"కట్టిండు సారూ! తాళి కట్టిండు! ఇగో, పిల్ల ఏమో అంటున్నదట... ఏందిరా? గట్టిగ చెప్పు... సారూ, వాడు రాత్రే పిల్లకు అంతా చెప్పేసిండట. వచ్చే ఏడు మన ఊర్లనే ఆడాలె, నేను పూలు పేరుస్త, నువ్వు పాడాలె అన్నదట!"

ప్రాసిక్యూటర్ గుమ్మంలో నిలబడి కనుబొమ్మలెగరేశాడు. నేను బొటనవేలు పైకెత్తాను. ఆయన తన బల్ల దగ్గరికి వెళ్ళి, అద్దం కింది కార్డు మీద వేలితో చిన్నగా తాళం వేస్తూ కూర్చున్నాడు.

ఫోన్‌లో ఎవడో అప్పటికే ఉయ్యాలో అని ఎత్తుకున్నాడు. బస్సు ఆగింది. దిగండి, కానివ్వండి అన్నట్టు కిందనుంచి ఫోర్‌మన్ "యల్లా, యల్లా!" అని అరుస్తున్నాడు. ఎవరూ దిగినట్టు లేదు. పాట రెండో చరణంలోకి వచ్చింది, బొజ్జ దగ్గరికి.